‘స్ట్రైకు’ అనే మాట: దాని పుట్టుకా, దాని మీద పోరాటమూ

ఇంగ్లీషు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటి వుంది. గడియారం గంట కొడితే ‘స్ట్రైకు’. పిడుగు పడితే ‘స్ట్రైకు’. అగ్గిపుల్ల గీస్తే ‘స్ట్రైకు’. విమానాలు బాంబులు వేస్తే ‘స్ట్రైకు’. క్రికెట్టు ఆటగాడు పరుగులు తీసే జోరుకు ‘స్ట్రైకు రేటు’. వీటన్నింట్లోనూ కొట్టడమో, తగలడమో, గీయడమో ఏదో ఒకటి వుంది. మరి కార్మికులు పని మానేసి ఫ్యాక్టరీ గేటు బయట కూర్చుంటే దాన్ని కూడా ‘స్ట్రైకు’ అనే ఎందుకంటారు? అక్కడ కొట్టినవాడెవడు? దెబ్బ తిన్నవాడెవడు?

ఈ ప్రశ్నకు తరగతి గదిలో తరచుగా దొరికే జవాబు ఒకటే: “యజమానిని దెబ్బకొట్టడమే స్ట్రైకు” అని. మనలో కొందరు ఈ జవాబును మరికాస్త ఉత్సాహంగా చెబుతారు కూడా. పీడితుడు పీడకుడి మీద కొట్టే దెబ్బ అది అంటారు. వినడానికి బాగానే వుంటుంది. కాని ఆ జవాబు తప్పు. తప్పు కావడం మాత్రమే కాదు. అది మన ప్రత్యర్థులకు పనికివచ్చే తప్పు. సమ్మె అంటే దెబ్బ అని ఒప్పుకొన్న తరువాత, ఆ దెబ్బ ఎవరికి తగిలిందో చెప్పే పని పత్రికాధిపతులు తీసుకొంటారు. బస్సు దొరకని ప్రయాణికుడికి తగిలిందంటారు, పరీక్ష రాయలేని విద్యార్థికి తగిలిందంటారు, చివరకు దేశానికే తగిలిందంటారు. యజమాని పేరు మటుకు ఆ జాబితాలో కనిపించదు. పని మానుకొన్నవాడు దౌర్జన్యపరుడుగానూ, జీతం పెంచనన్నవాడు శాంతికాముకుడుగానూ తేలిపోతారు. ఒక మాటకు చెప్పే అర్థంలో ఇంత వుంది.

కనుక ఈ చిన్న మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట పుట్టిందో, దాని అర్థాన్ని నిర్ణయించే హక్కు కోసం ఎవరెవరు పెనుగులాడారో కాస్త పరిశీలించడం వృథా శ్రమ కాదు.

ప్రాచీన ఇంగ్లీషులో ‘స్త్రీకన్’ అనే క్రియ వుండేది. అది కొట్టడం కాదు. మెల్లగా రాయడం, నిమరడం, ఒక ఉపరితలం మీదుగా సాగిపోవడం దాని తొలి అర్థాలు. దాని తోబుట్టువు జర్మన్ భాషలోని ‘స్ట్రైహెన్’. ఆ మాట నేటికీ నిమరడానికీ, పూయడానికీ, గీతగీసి కొట్టివేయడానికీ వాడతారు. చెయ్యి మెత్తగా రాస్తే నిమరడం, గట్టిగా తగిలిస్తే దెబ్బ. ‘కొట్టు’ అనే అర్థం ఆ దారిన తరువాతి శతాబ్దాల్లో పైకి వచ్చింది. నేడు నిఘంటువులో మొదట కనిపించే అర్థం చరిత్రలో మొదటిది కాదన్నమాట.

నిమరడం నుంచే మరొక అర్థం కూడా పుట్టింది. అది చదును చేయడం, దించి సమం చేయడం. ఇంగ్లండులో గింజలు కొలిచేటప్పుడు కొలపాత్ర అంచుకు పైన నిలిచిన రాశిని ఒక కర్రతో గీసి చదును చేసేవారు. ఆ కర్రను ‘స్ట్రైకు’ అనేవారు. కొన్ని ప్రాంతాల్లో ఆ పేరుతో ఒక కొలతే వుండేది. కొలత అనగానే అది అమాయకమైన విషయమని అనుకోకూడదు. ఐరోపాలో ప్రభువులు శిస్తు గింజ రాశిపోసి కొలుచుకొంటూ, తాము ఇచ్చేటప్పుడు మటుకు అంచుకు చదును చేసి ఇవ్వడం మీద ఎన్ని తగాదాలు నడిచాయో పోలెండు చరిత్రకారుడు విటోల్డ్ కూలా 1970లో వెలువరించిన ‘కొలతలూ మనుషులూ’ అనే గ్రంథంలో వివరించాడు. తెలంగాణాలో దొర గాదె నుంచి నాగు ధాన్యం తెచ్చుకొన్న రైతు కుటుంబాలకు ఈ తేడా ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

దించడం, చదును చేయడం అనే ఈ అర్థమే ఓడల మీదికి ఎక్కింది. తెరచాపను దించితే ‘స్ట్రైకు’ చేసినట్టు. ఎత్తిన జెండాను దించినా అదే మాట. డేరా విప్పి నేలకు దించినా అదే మాట. సముద్రం మీద తెరచాప దించడం వినయానికి గుర్తు. పెద్ద నౌక ఎదురైనప్పుడు చిన్న ఓడ తెరచాప దించి మర్యాద చెల్లించాలి. యుద్ధంలో జెండా దించడమంటే లొంగిపోవడం. అంటే, మనం పోరాటానికి పర్యాయపదంగా వాడుతున్న మాట ఓడ మీద కొన్ని శతాబ్దాల పాటు తలవంచడానికి పర్యాయపదంగా వుండేది!

తలవంచడానికి వాడే మాట తల ఎత్తడానికి వాడే మాటగా ఎట్లా మారింది? ఈ మార్పు ఏ పండితుడి పుస్తకంలోనూ జరగలేదు. 1768లో ఇంగ్లండు రేవుల్లో జరిగింది.

ఆ సంవత్సరం ఎటువంటిదో గుర్తుచేసుకోవాలి. 1767–68 చలికాలం అతి కఠినంగా గడిచింది. రొట్టె ధర పెరిగింది. లండనులో పట్టునేతగాళ్లు, బొగ్గు కూలీలు, ఓడ కళాసీలు ఒకరి తరువాత ఒకరు కూలి పెంపు కోసం వీధుల్లోకి వచ్చారు. ఈశాన్య ఇంగ్లండులోని సండర్లాండు బొగ్గు ఎగుమతి చేసే రేవు. అక్కడి కళాసీలు ఆ వసంతకాలంలో జీతాలు పెంచమని అడిగి, రేవులో వున్న ఓడలన్నీ ఎక్కి, తెరచాపలు కట్టే అడ్డదూలాలను దించివేశారు. ఓడలు కదలకుండా చేయడమే వారి ఉద్దేశ్యం. మే నెలలో లండను రేవులో థేమ్సు నది మీద కూడా ఇదే పని జరిగింది. కళాసీలు జట్లు జట్లుగా ఓడ తరువాత ఓడ ఎక్కి తెరచాపలు దించారు. ప్రపంచ వాణిజ్యానికి ముఖ్యద్వారమైన ఆ నదిలో సరుకు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

వారు ఎవరినీ కొట్టి ఓడలను ఆపలేదు. ప్రతిరోజూ జీతానికి చేసే పనుల్లో ఒకదాన్ని, తెరచాప దించడమనే పనిని, ఈసారి కప్తాను ఆజ్ఞ లేకుండా తమ నిర్ణయం మీద తాము చేశారు. కప్తాను చెబితే దించినప్పుడు అది విధేయత. తాము కూడబలుక్కొని దించినప్పుడు అది ధిక్కారం. చేసిన పని ఒకటే, పలికిన మాట ఒకటే. నిర్ణయించిన వాళ్లు మారారు. పాత మాటకు కొత్త అర్థం పుట్టింది అక్కడే. ఓడ నడిపేది యజమాని పెట్టుబడి కాదు, తమ చేతులు అనే సత్యం ఆ అర్థంలో ఇమిడి వుంది.

ఇక్కడ అబద్ధపు ఉత్సాహం మంచిది కాదు. 1768 అంతా ఐక్యతా గాథ కాదు. ఆ ఎండాకాలంలోనే బొగ్గు దించే కూలీలు పని మానుకొన్నప్పుడు, ఓడ కళాసీలే బొగ్గు దించడానికి పూనుకోగా, ఇరుపక్షాల మధ్య నెత్తుటి ఘర్షణలు జరిగాయి. రాజ్యం తన వంతు తాను చేసింది. మే 10న సెయింట్ జార్జి మైదానంలో గుమిగూడిన జనం మీద సైనికులు కాల్పులు జరిపారు. జూలై 26న ఏడుగురు బొగ్గు కూలీలను లండను తూర్పుభాగంలో, వారు బతికిన పేటల నడుమనే ఉరితీశారు. ‘స్ట్రైకు’ అనే మాట పుట్టిన సంవత్సరంలోనే శ్రామికుల మధ్య చీలికా పుట్టింది, కాల్పులూ పుట్టాయి, ఉరికంబమూ లేచింది. ఈ మాటకు జాతకం రాయదలచుకొన్నవాళ్లు వీటిలో ఏదీ విడిచిపెట్టకూడదు.

ఈ వ్యుత్పత్తిని అందరూ ఒకే తీరుగా చెప్పరు. దించింది తెరచాప కాదు, పనిముట్లు అనేవారున్నారు. వడ్రంగి సుత్తినీ, దర్జీ సూదినీ కింద పెట్టి లేవడమే ‘స్ట్రైకు’ అని వారి అభిప్రాయం. ఈ రెండు వాదాల్లో ఏది గెలిచినా మన విషయానికి లోటు లేదు. రెంటిలోనూ మూలార్థం దించడమే. ఎత్తిన చెయ్యి ఎవరి మీదా పడడం కాదు, పని మీద నుంచి చెయ్యి దిగడం.

దీనికి మన దేశంలోనే ఒక సజీవ సాక్ష్యం వుంది. భారతదేశపు ఇంగ్లీషు పత్రికలు నేటికీ ‘కార్మికులు స్ట్రక్ వర్క్’ అని రాస్తుంటాయి. ఇంగ్లండులో ఈ ప్రయోగం దాదాపు మూలబడిపోయింది. అక్కడివారు దీన్ని పాతకాలపు పలుకుబడి అనుకొంటారు. కాని ఆ పాత పలుకుబడిలోనే నిజం దాగివుంది. వ్యాకరణం ప్రకారం చూడండి. ఆ వాక్యంలో క్రియకు కర్మ ఏది? యజమాని కాదు, ప్రయాణికుడు కాదు, దేశం కాదు. ‘పని’. కళాసీ తెరచాపను దించినట్టే కార్మికుడు పనిని దించాడు. కాలక్రమాన ఇంగ్లండులో కర్మపదం రాలిపోయి ‘స్ట్రైకు’ ఒక్కటే మిగిలింది. కర్మ లేని క్రియకు ఎవరికి తోచిన కర్మను వారు తగిలించవచ్చు. ‘సమ్మె దెబ్బకు ప్రజలు విలవిల’ అని శీర్షిక పెట్టే పత్రికాధిపతి చేస్తున్న పని సరిగ్గా అదే. రాలిపోయిన ‘పని’ స్థానంలో ‘ప్రజలు’ అనే మాటను కూర్చోబెడుతున్నాడు.

ఇంగ్లీషును దాటి చూస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. ఫ్రెంచివారు సమ్మెను ‘గ్రేవ్’ అంటారు. గ్రేవ్ అంటే ఇసుక, గులకరాళ్ల ఒడ్డు. పారిసులో సేన్ నది ఒడ్డున అటువంటి చోట ఒక మైదానం వుండేది. పడవలు సరుకు దించేది అక్కడే, కూలి కోసం మనుషులు నిలబడేది అక్కడే. మొదట ‘గ్రేవ్‌లో వుండడం’ అంటే పని కోసం ఎదురుచూడడం. 19వ శతాబ్దిలో అదే మాట పని మానుకోవడానికి పేరయింది. కూలికి నిలబడే అడ్డా పేరే కూలి నిరాకరించే పోరాటానికి పేరు కావడం మన పట్టణాల అడ్డాకూలీలకు వింతగా తోచదు. స్పెయిన్ దేశీయుల ‘హ్యూల్గా’కు మూలం విశ్రాంతి తీసుకోవడం, ఇంకా వెనక్కు వెళితే కొలిమితిత్తిలా ఊపిరి పీల్చి వదలడం. ఇటలీవారి ‘షోపెరో’ అంటే పని నుంచి బయటికి రావడం. రష్యనుల ‘జబస్తోవ్క’లో వున్నది ‘బస్తా’ అనే ఇటాలియన్ మాట. పేకాటలో ‘ఇక చాలు’ అని చెప్పే మాట అది. ‘హర్తాళ్’లో వున్నది దుకాణానికి వేసిన తాళం.

తెరచాప, ఇసుక ఒడ్డు, ఊపిరి, పని నుంచి బయటకు అడుగు, ‘ఇక చాలు’ అనే మాట, తాళం. వీటిలో కొట్టడం ఎక్కడుంది? ప్రతి జాతి శ్రామికులూ తాము నిలబడ్డ చోటు నుంచి, తమ చేతిలో వున్న వస్తువు నుంచి ఆ మాటను తీసుకొన్నారు. జర్మన్ కార్మికులదైతే మరీ చిత్రం. తెరచాప దించడానికి వారి భాషలో ‘స్ట్రైహెన్’ అనే తోబుట్టువు మాట సిద్ధంగానే వుంది. అయినా వారు 19వ శతాబ్దిలో ఇంగ్లీషు కార్మికుల మాటనే తెచ్చుకొని ‘స్ట్రైక్’ అన్నారు. మాటలు ఉద్యమాల వెంట ప్రయాణిస్తాయి గాని, వ్యుత్పత్తుల వెంట కాదు.

ఇక్కడ మన విమర్శకులు పడే రెండు గుంటల గురించి చెప్పవలసి వుంది.

మొదటిది ధాతువుల పూజ. ఒక మాట తొలి అర్థమే దాని నిజమైన అర్థమనీ, తరువాత వచ్చినవన్నీ అపభ్రంశాలనీ నమ్మడం. మన సంప్రదాయ పండితులకు ఈ జబ్బు వుంది. పైన చెప్పిన కథ చదివి, ‘చూశారా, స్ట్రైకు అంటే నిమరడం, కనుక సమ్మె అహింసాత్మకం’ అని ఎవరైనా వాదిస్తే వారూ అదే జబ్బున పడ్డట్టు. మూలం మనకు సాక్ష్యం ఇస్తుందే గాని తీర్పు చెప్పదు. మాటకు అర్థం దాన్ని వాడే మనుషుల మధ్య, వాడే సందర్భంలో తయారవుతుంది.

రెండవది దానికి ఎదురుగుంట. భాష అంతా పాలకవర్గ ఆయుధమే కాబట్టి, ఇంగ్లీషు పరాయి పాలకుల భాష కాబట్టి, అందులోని మాటల చరిత్రతో మనకేం పని అనడం. భాష ఒక వర్గానికి చెందిన సొత్తు కాదనీ, ఆర్థిక పునాది మారగానే కూలిపోయే ఉపరితల నిర్మాణం కాదనీ 1950లో సోవియట్ భాషాశాస్త్ర చర్చలో స్టాలిన్ చెప్పాడు. అంతవరకు సరే. కాని అక్కడితో ఆగితే భాష ఎవరికీ చెందని నిర్మల ఆకాశంలా కనిపిస్తుంది. అంతకు 21 సంవత్సరాల ముందే, 1929లో, లెనిన్‌గ్రాడులో వెలువడిన ‘మార్క్సిజమూ భాషాతత్వమూ’ అనే గ్రంథంలో వొలోషినొవ్ ఈ చిక్కుముడిని విప్పాడు. వర్గాలన్నీ ఒకే భాష వాడతాయి; కనుకనే ఒకే మాట మీద వేర్వేరు వర్గాల ఊనికలు వచ్చి ఢీకొంటాయి, మాట వర్గపోరాటానికి రంగస్థలమవుతుంది అనేది అతని వాదనలోని సారం. మాట ఎవరి సొత్తూ కాకపోవడం వల్లనే దాని కోసం పోరాటం సాధ్యమవుతుంది.

‘స్ట్రైకు’ మీద ఈ పోరాటం ఎట్లా సాగిందో చూడండి. 1799, 1800 సంవత్సరాల్లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టాలు కార్మికులు కూటమి కట్టడాన్నే నేరంగా ప్రకటించాయి. 1824లో ఆ చట్టాలు రద్దయ్యేదాకా సమ్మె అనేది చట్టం దృష్టిలో కుట్ర. అదే పని కార్మికుడి నోట ‘స్ట్రైకు’, న్యాయమూర్తి నోట ‘కుట్ర’. 1832లో విలియం బెన్‌బో అనే లండను కార్మిక నాయకుడు దేశమంతటా ఒక నెలపాటు పని ఆపాలని ప్రతిపాదిస్తూ ఒక కరపత్రం ప్రచురించాడు. దానికి అతడు పెట్టిన పేరులో ‘స్ట్రైకు’ లేదు, ‘మహా జాతీయ సెలవు’ అన్నాడు. సెలవులు అనుభవించేది ధనికులే అయిన దేశంలో, శ్రమించేవాళ్లంతా కలిసి సెలవు తీసుకొంటామనడం కంటే పదునైన మాట ఏముంటుంది? ఈ ‘సెలవు’ను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. దీనితో మళ్లీ పని పడుతుంది.

ఒక శతాబ్ది తరువాత మన దేశపు రేవుల్లో ఇదే పెనుగులాట కనిపించింది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో ‘తల్వార్’ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలోని భారతీయ నావికులు నాసి తిండికీ, తెల్ల అధికారుల జాత్యహంకారపు తిట్లకూ నిరసనగా విధులు మానుకొన్నారు. కొద్ది రోజుల్లోనే 78 నౌకలకూ, 20 తీర స్థావరాలకూ, దాదాపు 20 వేల మంది నావికులకూ అది వ్యాపించింది. కరాచీ, కలకత్తా, మద్రాసు, విశాఖపట్నం రేవులకూ సోకింది. నావికులు తాము ఏర్పరచుకొన్న సంఘానికి ‘నౌకాదళ కేంద్ర స్ట్రైకు కమిటీ’ అని పేరు పెట్టుకొన్నారు. సర్కారు ఆ మాట అంగీకరించలేదు. ‘తిరుగుబాటు’ అంది. ఈ తేడా మాటల తేడాయేనా? స్ట్రైకు అయితే డిమాండ్ల పత్రం వుంటుంది, చర్చలుంటాయి. సైనిక తిరుగుబాటు అయితే ఫిరంగులుంటాయి, సైనిక న్యాయస్థానం వుంటుంది. ఫిబ్రవరి 23న ఆ పోరాటం ముగిసింది. నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది సర్కారు పెట్టిన పేరే. అందులో తిరుగుబాటు తేజం వుందని మనలో అనేకులు ఆ పేరునే ముచ్చటపడి వాడుతున్నాం కూడా. వాడవచ్చు. కాని 1768 కళాసీలకు వారసులుగా ఆ నావికులు తమ పోరాటానికి తాము పెట్టుకొన్న పేరును మరచిపోయి వాడడం మటుకు న్యాయం కాదు.

ఇక తెలుగు సంగతి. మనం ‘సమ్మె’ అంటాం. ‘సమ్మె కట్టారు’ అనేది పాత వాడుక. జట్టు కట్టినట్టు, కూటమి కట్టినట్టు సమ్మె ‘కట్టడం’. ‘స్ట్రైకు’లో పనిని దించడం కనిపిస్తే, ‘సమ్మె కట్టు’లో మనుషులు ఒకటిగా ముడిపడడం కనిపిస్తుంది. పని మానుకోవడం ఒంటరిగా ఎవడైనా చేయగలడు; దాన్ని సోమరితనమనో, అనారోగ్యమనో అంటారు. నలుగురూ కట్టుగా మానితేనే సమ్మె. 2011 సెప్టెంబరు 13న ప్రారంభమై 42 రోజులు సాగిన ఉద్యమానికి తెలంగాణా ప్రజలు ‘సకల జనుల సమ్మె’ అని పేరు పెట్టుకొన్నారు. బొగ్గుగని కార్మికుడూ, బస్సు డ్రైవరూ, బడిపంతులూ, న్యాయవాదీ ఆ పేరు కింద ఒక్కటయ్యారు. యజమానికీ కార్మికుడికీ మధ్య వ్యవహారానికి వాడే మాట ఒక ప్రాంతపు ప్రజలందరి రాజకీయ ఆకాంక్షకు సరిపోయేంతగా పెరిగింది. మాట అర్థం విస్తరించడమంటే ఇదే. దీనికి ఏ నిఘంటుకారుడి అనుమతీ అవసరం కాలేదు.

ఐతే మాటలు పెంచేవాళ్లు ప్రజలు మాత్రమే కాదు. 2019 అక్టోబరు 5న తెలంగాణా ఆర్టీసీలో దాదాపు 48 వేల మంది కార్మికులు సమ్మెకు దిగారు. అది 52 రోజులు సాగింది. గడువులోగా విధుల్లో చేరనివాళ్లు తమను తామే ఉద్యోగం నుంచి తొలగించుకొన్నారని ప్రభుత్వం ప్రకటించింది. ‘సెల్ఫ్ డిస్మిస్’ అనేది అప్పుడు అందరి నోటా నానిన మాట. దాని నిర్మాణం గమనించండి. తొలగించేవాడు ఆ మాటలో లేడు. కర్తా కార్మికుడే, కర్మా కార్మికుడే. సమ్మె చేసే మనిషి పనిని దించుతాడు. ఆ వాక్యంలో నుంచి పనిని తీసేసి, దాని స్థానంలో ఆ మనిషినే పెట్టారు. ఎనిమిదేళ్ల క్రితం ‘సకల జనుల సమ్మె’ అనే మాటను పుట్టించిన ఉద్యమం మీద ఏర్పడిన రాష్ట్రంలోనే ఇది జరగడం మన భాషాచరిత్రలో మరచిపోదగిన ఘట్టం కాదు.

ఇంతకంటె లోతైనది చట్టం చేస్తున్న పని. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కుగాని, చట్టబద్ధమైన హక్కుగాని, నైతికమైన హక్కుగాని లేదని 2003లో సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో అంది. చట్టబద్ధత గురించి న్యాయస్థానం మాట్లాడడం సహజమే. నైతికత గురించి కూడా తీర్పు ఇచ్చిందంటే, మాట అర్థం మీద పోరాటం ఎంతదాకా పోయిందో గ్రహించవచ్చు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సమ్మెను కలిసికట్టుగా పని ఆపివేయడంగా నిర్వచించింది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ నిర్వచనానికి ఒక తోక తగిలించింది. ఒక పరిశ్రమలో సగం మంది, లేదా అంతకు మించి, ఒకే రోజున కూడబలుక్కొని సాధారణ సెలవు పెడితే అది కూడా సమ్మె కిందికే వస్తుంది. పాత చట్టంలో ముందస్తు నోటీసు నిబంధన ప్రజోపయోగ సేవలకు మాత్రమే వర్తించేది. కొత్త కోడ్ ప్రకారం 14 రోజుల నోటీసు ప్రతి పారిశ్రామిక సంస్థలోనూ తప్పనిసరి.

ఇప్పుడు బెన్‌బో మాట గుర్తుచేసుకోవాలి. 1832లో ఒక కార్మికుడు స్ట్రైకును ‘సెలవు’ అన్నాడు. ఆ మాటతో పనివాడికి హక్కుల పరిధిని పెంచాడు. 2020లో చట్టం సెలవును ‘స్ట్రైకు’ అంది. ఆ మాటతో పనివాడి హక్కుల పరిధిని కుదించింది. మన కార్యాలయాల్లో ‘మూకుమ్మడి సెలవు’ అనేది సమ్మె చేయలేనివాళ్లు కనిపెట్టుకొన్న ఒక సన్నని దారి. ఆ దారిని మూసివేయడానికి కొత్తగా గోడ కట్టనవసరం లేకపోయింది. ఒక మాట నిర్వచనాన్ని కాస్త జరిపితే చాలింది. భాషాశాస్త్రం పండితుల కాలక్షేపమని అనుకొనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ ఆలోచించాలి.

మరి మనం చేయవలసిందేమిటి? పిల్లవాడు తరగతిలో అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం మొదటిది. స్ట్రైకులో ఎవరూ ఎవరినీ కొట్టరు. తాము మోస్తున్నదాన్ని తాము దించుతారు. దించగానే ప్రపంచం ఆగిపోయిందంటే, అంతవరకూ దాన్ని మోస్తున్నది ఎవరో తెలిసిపోతుంది. ఆ జవాబు విన్న పిల్లవాడు మరునాటి పత్రికలో ‘సమ్మె దెబ్బ’ అనే శీర్షిక చూస్తే తనంత తానే మరొక ప్రశ్న వేస్తాడు.

రెండవది, మాటలను పుట్టినచోట పట్టుకోవడం. 1962లో వ్యవసాయ పదాలతో వెలువడిన మొదటి మాండలిక వృత్తి పదకోశం కోసం భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యాన పరిశోధకులు పల్లెలకు వెళ్లి రైతుల నోటి నుంచి మాటలు సేకరించారు. నాగలి భాగాలకు పేర్లు పెట్టినవాళ్లే వాటికి ప్రమాణమని ఆ గ్రంథం నిరూపించింది. అదే శ్రద్ధతో గనుల్లో, రేవుల్లో, డిపోల్లో, బీడీ ఖార్ఖానాల్లో, అంగన్‌వాడీల్లో పని మానుకోవడానికీ, కూడబలుక్కోవడానికీ, సమ్మె విరిచేవాడిని తిట్టడానికీ మన శ్రామికులు వాడే మాటలు ఎవరైనా పోగుచేశారా? ఆ పని విద్యార్థులది, ఉపాధ్యాయులది. థేమ్సు నది మీద తెరచాపలు దించిన కళాసీలు తమ చేతలకు పేరు పెట్టుకొన్నారు. నిఘంటువులు తరువాత వచ్చి ఆ పేరును రాసుకొన్నాయి. ఆ క్రమం తలకిందులు కాకుండా, చట్టం ముందు నిర్వచించి శ్రామికుడు తరువాత తలవూపే పరిస్థితి రాకుండా చూసుకోవడం సాహిత్య విమర్శ పని కాదని ఎవరూ అనలేరు.